ఏడో గూడెంలో తొమ్మిది పొయ్యిలు

సోమవారం

సంద్రమ్మ ఇంటి పొయ్యి ఇవాళ నాతో పేచీ పెట్టింది. బర్చి చెట్టు బెరడు వేశాను, సన్నపుల్లలు పేర్చాను, బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదాను. అంటుకుంటేనా! చివరికి, "ఒలే సంద్రమ్మా, నువ్వు ఊరొదిలి ఎల్లిపోయినా నీ పొయ్యికి నీ బుద్ధి పోనేదే!" అని పైకే తిట్టాను. అప్పుడు అంటుకుంది. ఆవిడా అంతే, నాలుగు తిడితే గాని కదిలేది కాదు.

మంట నిలదొక్కుకునేదాకా ఆవిడ పీట మీదే కూర్చున్నాను. చెక్క గోడలు వెచ్చబడేటప్పుడు టిక్కు టిక్కుమంటాయి. ఎవరో లోపలి గదిలో అటూ ఇటూ తిరుగుతున్నట్టే ఉంటుంది. ఎవరూ ఉండరని తెలుసు. తెలిసి కూడా ప్రతిసారీ తొంగి చూస్తాను.

ఖాళీ ఇళ్లలో పొయ్యిలు వెలిగించడం నాకు పిచ్చి పట్టి కాదు. పైన ఆకాశంలో వసతుల సంస్థ వాళ్ల కన్నొకటి తిరుగుతూ ఉంటుంది. ఈ ఉత్తరపు అడవిలో ఏ గూడెంలో ఎన్ని ఇళ్లు వెచ్చగా ఉన్నాయో అది చూసి కింద చెబుతుంది. తొమ్మిది ఉంటే డాక్టరు విమానం వస్తుంది. ఎనిమిదైతే రాదు. ఆరో గూడెం అలాగే మూతపడింది. మనుషులెందరున్నారు, ఎలా ఉన్నారు అని అడిగే నాథుడు లేడు. వాళ్లకి కావలసింది వెచ్చదనం. చూసుకోండి నాయనా, తొమ్మిది పొయ్యిలూ భగభగలాడుతున్నాయి.

వాటిలో మనుషులున్నవి మూడు. గూడెం స్నానాలకి కట్టిన వేణ్ణీళ్ల ఇంటి వెనకగదిలో నేను. నది వైపు చివరింట్లో తవిటయ్య బావ, మా అక్క మొగుడు. మధ్యలో అప్పలసూరి, వాడి పెళ్లాం ధనం, వాళ్ల పాప. మిగతా ఆరూ నేను ఆడుతున్న అబద్ధాలు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు పెద్దలు. మనుషులు లేకుండా నిప్పు రాజుకుంటుందని వాళ్లెరగరు పాపం.

విమానం నా కోసం కాదు. బావ గుండెలో బొటనవేలంత యంత్రం ఉంది. నెలకోసారి డాక్టరమ్మ వచ్చి దాన్ని సరిచూసి మందులిచ్చి వెళ్లాలి. అక్క పోయాక ఆ మనిషికి నేను, నాకు ఆ మనిషి. "మిగతా వాళ్లేరీ, కనపడరేం?" అని డాక్టరమ్మ అడిగితే, "అడివిలో ఉచ్చులెయ్యడానికి ఎల్లారమ్మా" అంటాను. మంచిమనిషి, నమ్ముతుంది.

బుధవారం

స్నానానికి ఎవరూ రారని తెలిసీ వేణ్ణీళ్ల ఇల్లంతా కడిగాను. నా ఉద్యోగం ఇది, మా అమ్మ తర్వాత నాకొచ్చింది. నది మీద పేరుకున్న మంచుగడ్డ కింద నుంచి నీళ్లు తోడే పంపు, నా బాయిలర్, ఇంటింటికీ పాకే వేడి గొట్టాలు. గూడెంలో పసిపిల్లకి లాల పోసినా, బట్టలుతికినా, శవానికి స్నానం చేయించినా ఈ నీళ్లే. ఒకప్పుడు శనివారం వస్తే ఇక్కడ కాలు పెట్టడానికి చోటుండేది కాదు. నా సబ్బు నువ్వు కాజేశావంటే నువ్వు కాజేశావని ఆడవాళ్లు ఆవిరిలోనే కలబడేవాళ్లు. విసిగిపోయి తడిగుడ్డతో నలుగురినీ ఒక్కటేసేదాన్ని. ఇప్పుడు ఎవరైనా వచ్చి సబ్బు కాజేస్తే బాగుండుననిపిస్తోంది.

మధ్యాహ్నం అప్పలసూరి, ధనం ఇద్దరూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వాడు టోపీ తీసి చేతుల్లో నలుపుతున్నాడు. అప్పుడే అనుకున్నాను, ఇదేదో మంచి కబురు కాదని.

"పిన్నీ, ఎల్లుండి సరకుల బండొత్తాది గదా..."

"ఒత్తాది. ఉప్పు, నూనె పంపమన్నాను. నీకేటి గావాల?"

"ఏటీ ఒద్దు పిన్నీ. మేవే అందులో ఎక్కీసి ఎల్లిపోదావని."

నేను తుడుస్తున్న చోటే మళ్లీ తుడిచాను. ధనం ముందుకొచ్చింది. దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీ మీద కోపం కాదు పిన్నీ. మొన్న సంద్రమ్మత్త ఇంటి మీద పొగ సూసి, పాప ఎల్లి తలుపు కొట్టినాది. లోపల ఎవులైనా పిల్లలున్నారేమోనని. సలిలో ఆ గుమ్మం మీదే కూకుండిపోనాది. నాను ఎతుక్కుంటా ఎల్లి ఎత్తుకొచ్చీసరికి దాని సెంపలు తెల్లగా పాలిపోనాయి."

ఆ పొగ పెట్టింది నేనే. "ఎల్లండి, నాలుగు రోజులు ముందే ఎల్లాల్సింది" అని పొగబెట్టిన చేపల మూట తెచ్చి ధనం చేతిలో పెట్టాను. వద్దంది. తీసుకోకపోతే చంపేస్తానన్నాను. తీసుకుంది.

శుక్రవారం

వెళ్లిపోయారు. సరకుల బండికి తోలేవాడు లేడు, దాని దారి దానికి తెలుసు. ఆగమంటే ఆగదు, తొందరపెడితే కదలదు. ఉప్పు, నూనె దించుకుని, ఆ ముగ్గురినీ ఎక్కించుకుని స్ప్రూస్ చెట్ల మధ్యకి పోయింది. పాప చెయ్యి ఊపుతూనే ఉంది. బావా నేనూ నది గట్టున నిలబడి చూశాం.

ఇంటికి రాకుండా నేను తిన్నగా ధనం వాళ్లింటికి వెళ్లాను. పొయ్యిలో ఇంకా నిప్పులున్నాయి. కర్ర పెట్టబోతుంటే బావ నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆళ్లు గడప దాటి సిటికె సేపు కానేదు. అప్పుడే ఆళ్ల పొయ్యిలో కర్రెడతన్నావా?"

"పెట్టకపోతే ఎనిమిదైపోవా? నీ డాక్టరమ్మ రావొద్దేటి?"

"సాల్లేయే పోలమ్మా. మనవూ ఎల్లిపోదాం, ఒచ్చే బండికి."

"ఎక్కడికి?"

"ఎక్కడికైతేనేటి? మనుసులున్న కాడికి."

నాకు ఒళ్లు మండింది. "నీ గుండికాయ కోసం నాను సేతులు కాల్సుకుంటంటే, నువ్వా నాకు సెప్పీది?"

బావ నెమ్మదిగానే అన్నాడు. అరిచినా బాగుండేది. "నా గుండికాయ కోసం కాదే. నీకు బయం. ఆ బాయిలరు ఒదిలీసి పోతే నువ్వెవులివో నీకే తెల్దు. దానికి నన్ను సాకెట్టుకున్నావు."

చేతిలో కర్ర పొయ్యిలో పెట్టడం మానేసి ఆయన వైపు విసిరాను. తగల్లేదు. తగలాలని విసరలేదు కూడా. ఆయన దాన్ని తీసి కట్టెల మోపులో పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు. ముసలాడికి మాటలెక్కువయ్యాయి. మళ్లీ ఆయన గడప తొక్కితే ఒట్టు.

ఆదివారం

చలి ముదిరింది. ఆకు కదలదు. ముక్కులో ఊపిరి గడ్డకట్టి గుచ్చుకుంటోంది.

ఇలాంటప్పుడు మంచుపొగ పడుతుంది. పొయ్యిల పొగలో తేమ, నా బాయిలర్ ఆవిరి, మన ఊపిరి, అన్నీ గాలిలోనే సన్నని మంచురవ్వలై, పైకి పోలేక గూడెం మీదే కూర్చుంటాయి. చిన్నప్పుడూ చూశాను గాని ఇంత చిక్కగా ఎప్పుడూ లేదు. అప్పట్లో ఇంటికో చిన్న మంట ఉండేది. పైనున్న కన్నుకి బాగా ఆనాలని ఇప్పుడు నేను ఒక్కో ఇంట్లో పెళ్లి వంటకి పెట్టినంత మంట పెడుతున్నాను. ఇల్లు దాటి ఇల్లు చేరాలంటే గోడలు తడుముకుంటూ పోతున్నాను.

మా గూడెంలో పొద్దున లేవగానే మొహం కడుక్కోం. ముందు గుమ్మంలోకొచ్చి అందరి పొగగొట్టాలూ చూస్తాం. పొగ వస్తుంటే మనిషి కులాసా. రాకపోతే చేతిలో పని వదిలేసి పరిగెడతాం. మా అమ్మానాన్నలు ఈ చలికొచ్చిన తొలి ఏడాది పెట్టుకున్న ఆచారం. ఇవాళ బావ పొగగొట్టం కనబడలేదు. అదేమిటి, నా గుమ్మం ముందున్న కట్టెల మోపే కనబడలేదు. ఉంటాడులే, ఆయనకేం. పంతం పట్టినవాడికి చలేయదు.

మంగళవారం

ఇవాళ చేపల పులుసు పెట్టాను. చింతపండు అయిపోయి ఎన్నాళ్లో అయింది, అడవిలో దొరికే ఎర్రపళ్లే నలిపి పోస్తాం. బావకి మహా ఇష్టం. ఆయన వాటా గిన్నెలోకి తీసి, మూతపెట్టి, శాలువా కప్పుకుని గుమ్మం దాకా వెళ్లాను. ఒట్టు గుర్తొచ్చింది. వెనక్కొచ్చి ఆ వాటా కూడా నేనే తిన్నాను.

ఏడు ఖాళీ ఇళ్లూ తిరిగొచ్చేసరికి ఉన్న కాస్త వెలుగూ పోయింది. ఒక్కో ఇంట్లో ఒక్కొక్కళ్లని పలకరించాను. రెల్లి బంగారయ్య ఇంట్లో ఆయన దగ్గు గుర్తుచేసి వెక్కిరించాను. నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వు ఆ గదిలో విని నాకే భయమేసింది. ఎవరో వేరే ఆడమనిషి నవ్వినట్టుంది.

నాకు బాగాలేదు. ఇది రాసుకోవడానికి సిగ్గెందుకు, చదివేదెవరు? మాట్లాడే మనిషి కావాలి. బావ అన్న మాట నిజమే కావచ్చు. నిజమైతే మాత్రం ముఖం మీద అనేస్తారా?

గురువారం

పొద్దున గుమ్మంలో నిలబడితే మళ్లీ అదే తెలుపు. కానీ నది వైపు నుంచి బొంతకాకి అరిచింది. అరుపుతో పాటు రేకు మీద గోళ్లు గీసుకుంటున్న చప్పుడు. గూడెంలో రేకు టోపీ ఉన్న పొగగొట్టం బావదొక్కటే. వేడి పొగగొట్టం మీద ఏ కాకీ కూర్చోదు.

ఎలా పరిగెత్తానో తెలియదు. ఒట్టూ లేదు గిట్టూ లేదు. తలుపు తోసేసరికి పొయ్యి ముందు నేల మీద పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. పొయ్యిలో పెట్టబోయిన కర్ర చేతిలోనే ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ముఖం దగ్గర చెంప పెట్టి చూశాను. ఊపిరి ఆడుతోంది.

"బావా! ఓ బావా!"

"ఒచ్చినావేటే..." అన్నాడు. "తెల్లార్లేచి కర్రెడదావంటే... గుండి పట్టీసినాది."

ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పాను. పొయ్యి రాజేశాను. నడుముకున్న చేతి రేడియోలో డాక్టరు విమానానికి కబురు చేశాను. వెంటనే బయల్దేరుతున్నామన్నారు. బావ తల ఒళ్లో పెట్టుకుని ఛాతీ రాస్తూ కూర్చున్నాను. సూర్యుడొచ్చే వేళకి నెత్తి మీద మోత వినబడింది. ప్రాణం లేచొచ్చింది. ఆ మోత ఇటు వచ్చింది, అటు పోయింది, మళ్లీ ఇటు వచ్చింది. దిగదే!

రేడియోలో పైలట్ ఫల్గుణరావు గొంతు. "అమ్మా, మీ మీదే ఉన్నాను. కింద పాలగిన్నెలా ఉంది. నది కనబడట్లేదు, గట్టు కనబడట్లేదు. ఎక్కడ దిగను?"

"ఎలాగోలా దిగు బాబూ!"

"ఎలాగోలా దిగితే అందరం పోతాం. వినండి. చుట్టూ అడవంతా తేటగా ఉంది, మీ గూడెం మీదే ఉందీ మంచుపొగ. అంటే ఇది మీ పొయ్యిలదే. ఆర్పిస్తే కాసేపటికి కిందికి దిగిపోతుంది. తొమ్మిది ఇళ్ల వాళ్లకీ చెప్పండి. అందర్నీ పెద్దాయన ఇంట్లోకి తెచ్చి కూర్చోబెట్టండి, ఆ ఒక్క పొయ్యీ ఉండనివ్వండి. తలో చెయ్యీ వేస్తే ఎంతసేపమ్మా? గంటకి మించి తిరగడానికి ఇంధనం లేదు నా దగ్గర."

తలో చెయ్యి! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. బావ కోసం విమానం రావాలని పొయ్యిలు పెట్టాను. విమానం వచ్చింది. నా పొయ్యిలే దాన్ని దిగనివ్వడం లేదు.

బావ పక్కన ఒక్క మనిషిని కూర్చోబెట్టి వెళ్దామంటే ఎవరున్నారు? "ఇప్పుడే ఒచ్చెత్తాను బావా, కళ్లు మూయకు" అన్నాను. ఆయన నా కొంగు పట్టుకున్నాడు. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి వెళ్లాల్సి వచ్చింది. ఆ పని చేసిన చెయ్యి ఇప్పటికీ నాది కాదన్నట్టుంది.

నిప్పు మీద నీళ్లు పోయకూడదు, మంచు వేయకూడదు. ఆవిరి లేస్తే మంచుపొగ ఇంకా పెరుగుతుంది. బూడిద కప్పి, లోపలికి గాలి పోకుండా పొయ్యి గాలితలుపు బిగించాలి. ముందు ధనం వాళ్లిల్లు. తర్వాత సంద్రమ్మది. తర్వాత బంగారయ్యది. గోడలు తడుముకుంటూ, పడుతూ లేస్తూ ఏడూ తిరిగాను. ఇవాళ ఎవరినీ పలకరించలేదు. ఒక్కో ఇంట్లోంచి బయటికొస్తూ తలుపు గట్టిగా వేశాను.

బాయిలర్‌ని మాత్రం ముట్టుకోలేదు. ఈ చలిలో అది ఆరితే గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి, గొట్టాలు పగిలి, వేణ్ణీళ్ల ఇల్లు ఇక లేనట్టే. ఏడు ఆర్పాను కదా, చాలులే అనుకున్నాను. నది గట్టున నిలబడి పైకి చూశాను. తెలుపు కాస్త పల్చబడింది, అంతే.

"అమ్మా, ఇంకా ఏదో పెద్దది మండుతోంది," అన్నాడు ఫల్గుణరావు. "చెట్ల కొనలు కనబడుతున్నాయి గాని నది లేదు. ఇంకో రెండు చుట్లు. తర్వాత నేను వెనక్కి తిరగాలి."

"బాబూ, అది వేణ్ణీళ్ల ఇల్లు. దాన్ని కూడానా?"

"మీ ఇష్టమమ్మా" అన్నాడు.

వెళ్లాను. మా అమ్మ చేయి పడి పడి నున్నగా అయిన గాలితలుపు పిడి పట్టుకుని బిగించాను. ఇనుప పారతో బూడిద ఎత్తిపోశాను. లోపల మంట కాసేపు బుసకొట్టి అణిగిపోయింది. పెద్దగా ఏడుస్తూనే పోశాను. గొట్టాల్లో నీళ్లు తోడేసే వ్యవధి లేదు. తిరిగి బావ దగ్గరికి పరిగెత్తాను. కళ్లు తెరిచే ఉన్నాడు.

ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కిటికీలో ముందు గట్టు కనబడింది. తర్వాత నది మీద నీలిరంగు గడ్డ. ఆ తర్వాత చక్రాల బదులున్న స్కీ చెక్కల మీద విమానం జారుకుంటూ వచ్చి ఆగింది.

డాక్టరమ్మ లోపలికొస్తూనే బావ మీద వంగింది. సూది వేసింది, మూతికి గొట్టం పెట్టింది, యంత్రానికి ఏవో తీగలు తగిలించింది. "బతుకుతారు, కానీ ఇక ఈ చలికి తిరిగి పంపను" అంది. ఫల్గుణరావు గది నలుమూలలా చూశాడు.

"అందర్నీ ఇక్కడికి రమ్మన్నాను కదమ్మా. మిగతా వాళ్లేరీ?"

"నేరు బాబూ."

"ఉచ్చులకెళ్లారా?" అంది డాక్టరమ్మ తలెత్తకుండా.

"నేదమ్మా. ఎల్లిపోనారు. ఎవులూ నేరు. అన్ని పొయ్యిలూ నానే ఎలిగించినాను."

అతను గుమ్మంలోకి వెళ్లి బయటికి చూశాడు. గాలి తేటగా ఉంది. పొగ లేని కప్పులు వరసగా కనబడుతున్నాయి. ఎక్కడో వేణ్ణీళ్ల ఇంటి వైపు ఒక గొట్టం ఫట్‌మని పగిలింది. కాసేపటికి ఇంకొకటి.

తిరిగొచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. పిల్లాడి వయసు, మంచివాడు. "అమ్మా, నేను సంస్థకి చెప్పాలి, వెనక ఎందరు మిగిలారో. విమానం కోసమని తొమ్మిదిళ్ల వాళ్లూ పొయ్యిలార్పారని చెప్తాను. మీరు రేపు మళ్లీ వెలిగించుకోండి. నాకేం నష్టం? ఏడో గూడెం ఉంటుంది."

ఆశ పుట్టింది. పుట్టలేదని అబద్ధమెందుకు రాయాలి? గొట్టాలు మార్చుకోవచ్చు, బాయిలర్ మళ్లీ రాజేయొచ్చు, చేతులున్నాయి. రేపు సంద్రమ్మ పీట మీద కూర్చుని ఊదుతున్నట్టు కూడా కనబడింది. ఆ గదిలో లోపలికి తొంగి చూడటం కూడా. ధనం కూతురు ఆ గుమ్మం మీద ఎవరి కోసమో కూర్చున్న సంగతి గుర్తొచ్చింది.

"ఒద్దు బాబూ. ఏడో గూడెంలో ఎవుల్నేరని సెప్పీ."

"మరి మీరు?"

"నాకు సోటుందేటి అందులో?"

ఉందన్నాడు. ఇద్దరూ బావని స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. బావ పొయ్యి మీద కూడా బూడిద కప్పి నేను వెనకాల వెళ్లాను. కట్టుకున్న చీర, కప్పుకున్న శాలువా, ఇది రాసుకునే పలక, ఇవే నా సామాను. విమానం గడ్డ మీద పరుగు తీస్తుంటే కళ్లు గట్టిగా మూసుకున్నాను. యాభయ్యారేళ్లలో ఎప్పుడూ ఎక్కలేదు. బావ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

చాలాసేపటికి ఆయన కళ్లు తెరిచాడు. మందు మత్తులో ఉన్నాడు, ఎక్కడున్నాడో తెలియడం లేదు. పెదాలు కదిలితే చెవి దగ్గర పెట్టాను.

"పోలమ్మా... అందరూ ఎక్కినారేటే?"

వెనకాల సీట్లన్నీ ఖాళీగా ఉన్నాయి.

"ఎక్కినారు బావా," అన్నాను. "అందరూ ఎక్కీసినారు. పడుక్కో."